పాత టీటీ, కొత్త ఐ20: శ్రీకాకుళంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి ముందు రెండు కార్లు ఉంటాయి. ఒకటి 2012 నాటి ఆడి టీటీ, రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే. మరొకటి ఈ మధ్యనే కొన్న హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, అయిదు తలుపుల హ్యాచ్‌బ్యాక్. రెండోదాని గురించి ఎవరూ ఏమీ అడగరు. మొదటిది ఏడు రోడ్ల కూడలిలో ఆగినా, బంకులో నిలబడినా, విజయనగరంలో మా అత్తవారి వీధిలో పెట్టినా ప్రశ్నలు మొదలవుతాయి. అడిగినవారిలో కొందరు నిజంగానే ఇలాంటి పాత కారు కొనే ఆలోచనలో ఉన్నారు. వారికి ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయం అనిపించింది. నేను మెకానిక్‌ను కాను. బిల్లులు కట్టినవాణ్ని.

జర్మన్ స్పోర్ట్స్ కారుకూ మామూలు హ్యాచ్‌బ్యాక్‌కూ పోలిక ఎక్కడ?

ధర దగ్గర. కొత్తగా ఉన్నప్పుడు అరకోటికి చేరువలో ఉన్న కారు, పదేళ్లు దాటాక కొత్త ఐ20 ఎన్ లైన్‌కు షోరూములో కట్టే డబ్బుకు కాస్త అటూ ఇటూగా చేతికొస్తుంది. ఆశ పుట్టేది అక్కడే. కారు ధర తగ్గింది కానీ దాని విడిభాగాల ధర తగ్గలేదన్న సంగతి మాత్రం కొన్న తరువాత తెలుస్తుంది. టైరు కొనబోతే ఆ దుకాణదారుడికి మీరు కారును ఎంతకు కొన్నారో అనవసరం. అరకోటి కారు టైరు అరకోటి కారు టైరే.

టీటీ అంటే టూరిస్ట్ ట్రోఫీ. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే పాత మోటార్‌సైకిల్ పందెం పేరు అది. 1998లో మొదలైన ఈ కారును హంగరీలోని గ్యోర్‌లో తయారుచేసేవారు, 2023లో ఆపేశారు. నా దగ్గర ఉన్నది రెండో తరం.

వేగంలో ఎంత తేడా ఉంటుంది?

కాగితం మీద చాలా. టీటీలో 1984 సీసీ టర్బో ఇంజిను, 211 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), నాలుగు చక్రాలకూ లాగుడు. నిలబడిన చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 5.6 సెకన్లని కంపెనీ లెక్క. ఐ20 ఎన్ లైన్‌లో మూడు సిలిండర్ల 998 సీసీ టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. వందకు చేరడానికి పది సెకన్ల చుట్టుపక్కల పడుతుంది.

ఇప్పుడు రోడ్డు మీదకు వద్దాం. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. టీటీ వెనక డిక్కీ అంచులో ఒక రెక్క దాగి ఉంటుంది. అది 120 దాటితే తనంతట తానే లేచి, 80 కంటే తగ్గితే ముడుచుకుంటుంది. అంటే చట్టప్రకారం నడిపితే ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా ఆ రెక్క లేవడానికి వీల్లేదు. లోపల ఒక బటన్ ఉంది, నొక్కితే ఆగి ఉన్నప్పుడు కూడా లేస్తుంది. మా వీధి పిల్లల కోసం నేను దాన్ని నొక్కినన్ని సార్లు జర్మనీలో ఎవరూ నొక్కి ఉండరు.

లారీని దాటేటప్పుడు, పక్కదారి నుంచి హైవే ఎక్కేటప్పుడు టీటీ లాగుడు తెలుస్తుంది. గేరు మార్చాలన్న ఆలోచన రాకముందే లారీ అద్దంలో కనిపిస్తుంది. కానీ ఆ పని ఐ20 కూడా చేస్తుంది, ఒక గేరు తగ్గించి. నన్నడిగితే టీటీ సుఖం తిన్నని రోడ్డు మీద లేదు, మలుపులో ఉంది. అరవైలో వెళుతున్నా కారు నేలకు అతుక్కుని తిరుగుతుంటే చేతులకు తెలిసే ఆనందం వేరు. ఆ ఒక్కదాని కోసమే మిగిలినదంతా భరిస్తున్నాను.

మన రోడ్ల మీద కింద తగలదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, అడగవలసిన ప్రశ్న కూడా. కొలిచి చెబుతాను. మా ప్రహరీ గోడ కట్టగా మిగిలిన ఇటుకను పక్కవాటుగా నిలబెట్టాను, ఎత్తు నాలుగున్నర అంగుళాలు. టీటీలో ఇద్దరం కూర్చున్నాక మా అబ్బాయి ఆ ఇటుకను ముందు చక్రాల మధ్యకు నెట్టాడు. ఇంజిను కింది ప్లాస్టిక్ తొడుగుకు తగిలి ఆగిపోయింది. ఇటుకను పడుకోబెడితే దూరింది. ఐ20 కింద అదే ఇటుక నిలబడే వెళ్లి, నిలబడే బయటికి వచ్చింది. దాని నేల ఎడం (గ్రౌండ్ క్లియరెన్స్) 170 మిల్లీమీటర్లు.

కారు కొనడానికి వెళ్లేటప్పుడు ఇటుక తీసుకెళ్లండి అనను గానీ, మీరు రోజూ తిరిగే దారిలో ఎత్తైన స్పీడ్ బ్రేకరు ఎక్కడుందో ముందే చూసుకోండి. రంగు వేసినవి పరవాలేదు. ఊళ్లలో రాత్రికి రాత్రి వెలిసేవి, రంగు లేనివి, నిటారుగా గోడలా ఉండేవి, అవే ప్రమాదం. అలాంటిచోట టీటీని ఏటవాలుగా ఎక్కించాలి, ఒక చక్రం తరువాత ఒక చక్రం. వెనక వచ్చే ఆటోవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వాలి.

స్పీడ్ బ్రేకరుకంటే నన్ను దెబ్బతీసింది ధాన్యం. మన జిల్లాలో కోతలయ్యాక డిసెంబరు, జనవరి నెలల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రాశి మీదకు బండ్లు ఎక్కకుండా అంచున వరుసగా రాళ్లు పెడతారు. సాయంత్రం ధాన్యం ఎత్తుకుంటారు, రాళ్లు మాత్రం ఒకటో రెండో అక్కడే మిగిలిపోతాయి. రాజాం నుంచి చీపురుపల్లి వైపు వస్తూ మునిమాపు వేళ అలాంటి ఒక రాయిని చక్రాల మధ్యకు తీసుకున్నాను. ఏ కారులోనైనా చేసే పనే, అలవాటు. టన్నుమని శబ్దం. దిగి వంగి చూస్తే ఇంజిను ఆయిల్ నిలిచే చాంబర్‌కు సొట్ట, అంచు నుంచి ఒక్కొక్క చుక్క ఆయిల్. ఇంజిను ఆపేశాను. ఆపకుండా ఇంకో పది కిలోమీటర్లు నడిపి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

అక్కడి నుంచి కారును తీసుకెళ్లడం ఇంకో కథ. నాలుగు చక్రాలకూ లాగుడు ఉన్న కారును ముందు చక్రాలు ఎత్తి, వెనకవి రోడ్డు మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్లకూడదు. మొత్తం కారును పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండి కావాలి. మొదట వచ్చినవాడు గొలుసు, కొక్కెం తెచ్చాడు. అతన్ని పంపేసి, విశాఖ నుంచి ఫ్లాట్‌బెడ్ వచ్చేసరికి రాత్రి పదకొండు. అంతసేపూ ఆ ఊరివాళ్లు కుర్చీ వేసి, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. రాయి పెట్టిన రైతు కూడా వచ్చాడు, బాధపడ్డాడు. తప్పు నాది.

వెనక సీట్లో మనుషులు పడతారా?

పడతారు, మనుషుల ఎత్తును బట్టి. పదేళ్ల లోపు పిల్లలు హాయిగా కూర్చుంటారు. పెద్దవాళ్ల తల వెనకద్దానికి ఆనుతుంది. అక్కడ పైకప్పు లేదు, డిక్కీ తలుపుతోపాటు కిందికి దిగే అద్దమే ఉంది. అందుకే డిక్కీ వేసే ముందు వెనక కూర్చున్నవారికి చెప్పి వేయాలి. మా బావమరిదికి చెప్పకుండా ఒకసారి వేశాను. ఆయన ఇప్పటికీ ఆ కారు ఎక్కడు.

తమాషా ఏమిటంటే టీటీ పొడవు 4,180 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, ఐ20 పొడవు 3,995 మాత్రమే. పొడుగు కారులో ఇద్దరు, పొట్టి కారులో అయిదుగురు. ముందు వెనక చక్రాల మధ్య దూరం చూస్తే మర్మం తెలుస్తుంది: టీటీకి 2,468, ఐ20కి 2,580 మిల్లీమీటర్లు. మనుషులు కూర్చునేది ఆ చక్రాల మధ్యనే కదా. టీటీలో మిగిలిన పొడవంతా ముక్కుకూ అందానికీ పోయింది.

ఆ 3,995 అన్న అంకె కూడా యాదృచ్ఛికం కాదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిను ఉంటే చిన్న కారుగా లెక్కగట్టి తక్కువ పన్ను వేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ కార్లకు జీఎస్టీ 18 శాతం, అంతకు ముందు సెస్సుతో కలిపి 29. మన దేశంలో ఇన్ని కార్లు నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్ల ముందే ఆగిపోవడానికి కారణం ఇదే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కగలరా?

మా నాన్నగారి మాటే చెబుతాను. "దీన్ని ఎక్కడం అనకూడదురా, దిగడం అనాలి. ఊరు వచ్చాక దిగడానికి ఎక్కాలి." అరసవల్లి దర్శనానికి ఒకసారి టీటీలో వచ్చారు. తిరుగు ప్రయాణం ఆటోలో చేశారు.

మైలేజీ ఎంత? ఇప్పుడొస్తున్న పెట్రోలు పాత కారుకు పడుతుందా?

టీటీ నాకు పట్టణంలో ఏడెనిమిది, హైవే మీద పదకొండు పన్నెండు ఇస్తోంది. ఐ20కి కంపెనీ చెప్పేది లీటరుకు 20 దగ్గర. నాకు పట్టణంలో పన్నెండు, విశాఖ వెళ్లి వస్తే పదిహేడు వస్తున్నాయి. పెట్రోలు ఖర్చు చూసి భయపడేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. అయితే నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లే తిప్పే పాత కారులో పెట్రోలు అసలు ఖర్చు కాదు.

పట్టించుకోవలసింది ఇథనాల్‌ను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తట్టుకునే రబ్బరు, సీళ్లు, గొట్టాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఐ20కి దిగుల్లేదు. పాత కార్ల సంగతి వేరు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికే, ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై 10 శాతం ఇథనాల్‌కు సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని చెప్పింది. ఇథనాల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. మన కోస్తాలో తేమకు కొదవ లేదు. కాబట్టి పాత కారును నెలల తరబడి సగం ట్యాంకుతో కదలకుండా పెట్టకండి. వారానికి ఒకసారైనా ఇరవై కిలోమీటర్లు తిప్పండి. ఇంధనపు గొట్టాలను ఏడాదికోసారి చేత్తో తడిమి, వాసన చూసి పరీక్షించమని మెకానిక్‌కు చెప్పండి.

పాడైతే ఇక్కడ ఎవరు బాగు చేస్తారు?

అసలు ప్రశ్న ఇదే. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఐ20 సర్వీసుకు ఇంటి నుంచి బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి తిరిగి వస్తాను. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఉంది. టీటీకి స్కానర్ (లోపాలు చదివే కంప్యూటర్) పెట్టి చూడగలిగినవారు, దాని గేర్‌బాక్స్ ముట్టుకునే ధైర్యం ఉన్నవారు మనకు విశాఖలోనే దొరుకుతారు. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైన, విజయనగరం నుంచి అరవై. చిన్న పనికి కూడా ఒక రోజు పోతుంది. విడిభాగం తెప్పించాలంటే రోజులు కాదు, వారాలు. ఒక చిన్న సెన్సారు కోసం నా కారు పంతొమ్మిది రోజులు కదలకుండా ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ ఆఫీసుకు, బడికి, ఆసుపత్రికి తిరిగింది ఐ20.

ఒక ఊరట ఉంది, చాలామందికి తెలియదు. ఈ రెండో తరం టీటీకి అడుగున ఉన్న నిర్మాణం స్కోడా లారాకూ అదే కాలపు ఫోక్స్‌వ్యాగన్ జెట్టాకూ బంధువు. ఆ రెండూ మన దేశంలో బాగానే అమ్ముడయ్యాయి. సస్పెన్షన్‌లో, ఇంజిను చుట్టూ చాలా భాగాలు ఒక్కటే, లేదా అన్నదమ్ములు. కాబట్టి "ఆడి మెకానిక్ ఎక్కడ?" అని వెతకకండి. "లారాలు బాగు చేసే షెడ్డు ఎక్కడ?" అని అడగండి. పార్టు మీద ఉన్న నంబరును అక్షరం అక్షరం సరిచూసుకుని కొనండి. ఒక అక్షరం తేడా ఉన్నా కొన్నిసార్లు బిగుసుకోదు.

బాడీ పని మాత్రం వేరే లోకం. టీటీ బాడీలో దాదాపు 69 శాతం అల్యూమినియం, మిగిలింది వెనకవైపు ఉక్కు. ఉక్కు రేకుకు సొట్ట పడితే మన డెంటింగ్ షెడ్లలో సుత్తితో సాపు చేసేస్తారు, ఐ20 తలుపుకు అలాగే చేయించాను. అల్యూమినియం అలా వినదు. ఎక్కువ కొడితే సాగి పగులుతుంది, వెల్డింగ్ వేరు, పనిముట్లు వేరు. ఉక్కు మీద వాడిన ఆకురాయినే దాని మీద రుద్దినా తరువాత తుప్పు మచ్చలు తేలుతాయి. నా కారు ముందు మడ్‌గార్డ్‌ను మునుపటి యజమాని ఎవరో తెలియనివాడితో చేయించాడు. ఎండలో ఏటవాలుగా చూస్తే అలలు కనిపిస్తాయి. కొనేటప్పుడు నేను సాయంత్రం చూశాను. మీరు ఉదయం ఎండలో చూడండి.

ఇంజినులో, గేర్‌బాక్సులో ముందే చూసుకోవలసినవి ఏమిటి?

200 పీఎస్ అని రాసి ఉన్న పాత టీటీల్లో టైమింగ్ బెల్టు (ఇంజిను వాల్వులను నడిపే పట్టీ) ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. 211 పీఎస్ కార్లలో దాని బదులు గొలుసు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్ట్ చేయించి, మొదటి రెండు మూడు సెకన్లు చెవిపెట్టి వినండి. గలగల వినిపిస్తే గొలుసును బిగించే భాగం సంగతి తేల్చుకోకుండా బేరం ఆడకండి. మీరు వెళ్లేసరికే ఇంజిను వేడిగా ఉంటే మరునాడు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆ తరం ఇంజిన్లకు ఆయిల్ తాగే అలవాటు కూడా ఉంది, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడటం నేర్చుకోవాలి.

గేర్‌బాక్సు రెండు క్లచ్చులున్న ఆరు గేర్ల ఆటోమేటిక్. క్లచ్చులు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. దాదాపు 60,000 కిలోమీటర్లకోసారి ఆ ఆయిల్, ఫిల్టరు మార్చాలి. వెనక చక్రాలకు శక్తినిచ్చే క్లచ్చుకు ఇంకో ఆయిల్ ఉంది, దాన్ని చాలామంది యజమానులు మరిచిపోతారు. ఐ20 ఎన్ లైన్‌లో కూడా రెండు క్లచ్చుల ఏడు గేర్ల ఆటోమేటిక్ దొరుకుతుంది, అయితే అవి ఆయిల్ లేని పొడి క్లచ్చులు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు విజయనగరంలోలాగా అంగుళం అంగుళం జరిగే రద్దీలో అవి వేడెక్కుతాయి. 2023 నుంచి అందులో ఆరు గేర్ల మాన్యువల్ కూడా వస్తోంది. నేను తీసుకున్నది అదే, మీకూ అదే చెబుతాను.

రెండు ఇంజిన్లలోనూ పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులను కడిగే పెట్రోలు ఉండదు కాబట్టి వాటి మీద మసి పేరుకుంటుంది. కొత్తది కదా అని ఐ20 యజమానులు నిశ్చింతగా ఉండనక్కర్లేదు, వాళ్ల వంతు కొన్నేళ్ల తరువాత.

వేరే రాష్ట్రంలో కొంటే కాగితాల పని ఎంత?

మన దగ్గర ఇలాంటివి దొరకడం తక్కువ. బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీల నుంచే రావాలి. అక్కడి రవాణా శాఖ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), అప్పు ఉంటే ఫారం 35తో ఆ నమోదు తొలగింపు, అమ్మకానికి ఫారం 29, 30. ఆపైన మన రాష్ట్రంలో కారు వయసును బట్టి జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. వేరే రాష్ట్రం నంబరుతో ఏడాది దాటి తిప్పితే అది చట్టవిరుద్ధం. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. "వారంలో పంపిస్తా" అన్న మాట మీద నేను నాలుగు నెలలు ఫోన్లు చేశాను.

ఇంకొకటి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఆ తరువాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కేంద్రం 2021లో ప్రకటించిన రుసుముల ప్రకారం దానికి మామూలు కారుకు 5,000 రూపాయలు, దిగుమతి చేసుకున్న కారుకు 40,000. టీటీ బయటినుంచి తయారై వచ్చిన కారు. 2012 కారు ఇప్పుడు కొంటే ఆ గడువు ఎంతో దూరంలో లేదు. బేరంలో ఈ అంకె గుర్తుంచుకోండి.

ఇన్సూరెన్స్?

థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే బీమా) ప్రీమియం ఇంజిను పరిమాణాన్ని బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో పెట్టిన ధరల్లో 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897. ఐ20 మొదటి వర్గంలోకి, టీటీ చివరి వర్గంలోకి వస్తాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి.

అయిదేళ్లు దాటిన కారుకు బీమా విలువ ఎంతన్నది కంపెనీ, మీరు కలిసి ఒప్పుకోవలసిన అంకె. ప్రీమియం తగ్గుతుందని దాన్ని బాగా తగ్గించేస్తే పెద్ద దెబ్బ తగిలినప్పుడు చేతికొచ్చేది ఆ తగ్గిన అంకే. మన జిల్లాకు తుపానులు కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు ఎన్ని చెట్లు కూలాయో చూసినవాళ్లం. కారు మీద చెట్టు పడితే థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవారికి ఏమీ రాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కారుతో మీకు రాదు, అది ఆయనదే.

వరద నీటిలో మునిగిన కారు అని గుర్తు పట్టడం ఎలా?

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ. మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు, కొన్ని తళతళలాడుతూ తిరిగి సంతకు వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. పై మూరెడు శుభ్రంగా ఉండి, లోపలి మూరెడు మీద మట్టి చారిక ఉంటే అర్థమైపోతుంది. సీటు కింద బోల్టులకు తుప్పు, డిక్కీ కార్పెట్ కింద సన్నని ఒండ్రు, హెడ్‌లైటు లోపల అడ్డగీత చూడండి. ఏసీ వేసి అయిదు నిమిషాలు అద్దాలు మూసి కూర్చోండి, వాసన అబద్ధం చెప్పదు. లోపల అగరుబత్తి, సెంటు ఘుమఘుమలాడుతుంటే ఇంకా జాగ్రత్త.

సముద్రపు గాలికి ఏమవుతుంది?

కళింగపట్నం, బారువ తీరాలకు వెళ్లి వచ్చిన రోజు రెండు కార్లనూ మంచినీళ్లతో, ముఖ్యంగా అడుగు భాగం, కడిగిస్తాను. అల్యూమినియం ఎర్ర తుప్పు పట్టదు. కానీ అల్యూమినియం ఉక్కును కలిసే చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిలా తినుకుపోతుంది. టీటీలో అలాంటి అతుకులు కారు వెనకవైపు ఉన్నాయి. ఇసుకలోకి మాత్రం ఏ కారునూ దింపకండి, నాలుగు చక్రాల లాగుడు ఉన్నదాన్ని అసలే. కూరుకున్నప్పుడు నాలుగూ కూరుకుంటాయి.

భద్రత ఏ కారులో ఎక్కువ?

ఇక్కడ నాకు సందేహం లేదు, కుటుంబంతో వెళ్లేటప్పుడు ఐ20. ఇప్పటి ఎన్ లైన్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, అయిదు సీట్లకూ మూడు బిందువుల బెల్టులు, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరిక. టీటీ బ్రేకులు, పట్టు గొప్పవే, కానీ అందులో ఎయిర్‌బ్యాగ్ వయసు పన్నెండేళ్లు దాటింది. దానికి తోడు పూర్తి సైజు స్టెపినీ లేదు. రాత్రి టైరు పక్క గోడ చీలితే గాలి కొట్టే యంత్రం చేతిలో పట్టుకుని ఆకాశం చూడవలసిందే.

టైర్ల మాట వచ్చింది కాబట్టి: పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. తక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లకు గీతలు నిండుగా, రబ్బరు ఎండిపోయి ఉంటుంది. గీతలు చూసి మోసపోకండి.

టోలు ఎక్కువా?

కాదు. మడపం దగ్గరైనా, నాతవలస దగ్గరైనా రెండూ కార్లే.

అరకు ఘాట్ రోడ్డులో టీటీ అదరగొడుతుందా?

శృంగవరపుకోట దాటి కొండ ఎక్కుతుంటే మొదటి అరగంట స్వర్గం, ముందు బస్సు లేకపోతే. ఉంటే రెండు కార్లూ బస్సు వేగంతోనే వెళతాయి. టీటీ ఐ20కంటే వెడల్పు, పైగా బానెట్ చివర కనిపించదు. మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఎడమవైపు ఎంత చోటుందో అంచనా కట్టడం కష్టం. వానాకాలంలో మాత్రం దాని పట్టుకు దండం పెట్టాలి. నేను తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి, తొమ్మిదికల్లా కొండ దిగిపోతాను.

మళ్లీ అమ్మితే ఎంత వస్తుంది?

ఐ20కి ఎంత వస్తుందో ఫోనులో పది నిమిషాల్లో తెలుస్తుంది. టీటీకి ధర లేదు, కొనేవాడు ఉన్నాడు, లేదా లేడు. దొరికినా మన జిల్లాలో దొరకడు. మంచి పక్షం ఏమిటంటే పడవలసిన ధర చాలావరకు ఇదివరకటి యజమానుల చేతుల్లోనే పడిపోయింది. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి, అమ్మేరోజు అదే కారుకంటే ముందు చూస్తారు.

ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటారు?

ఐ20. మా ఆవిడ పక్కన కూర్చుని ఉన్నా లేకపోయినా ఇదే జవాబు. శ్రీకాకుళంలో పాత కూపే ఉండాలంటే దాని పక్కన నమ్మకమైన ఇంకో కారు ఉండాలి. అప్పుడు అది పాడైన రోజు కోపం రాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు అదే అయితే పంతొమ్మిది రోజుల సెన్సారు కథ మీకు నవ్వు తెప్పించదు. కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఒక కారు ఉండి, ఏటా లక్షన్నర దాకా మరమ్మతులకు పక్కన పెట్టగలిగి, విశాఖకు వెళ్లిరావడం విసుగు అనుకోనివారు నిస్సంకోచంగా కూపే కొనండి. ఆ లక్షన్నర నా మూడేళ్ల బిల్లుల సగటు, టైర్లు కాకుండా.

మీ టీటీ ఒకసారి నడిపి చూడవచ్చా?

చూడవచ్చు, ఆదివారం ఉదయం, లైసెన్సు తెచ్చుకుంటే. డే అండ్ నైట్ కూడలి దాటాక తాళం ఇస్తాను, అంతవరకు నేనే నడుపుతాను. వరి కోతల నెలల్లో మాత్రం అడగకండి.